కన్నీటి సుడి గుర్రం

సత్యవేడు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఎద్దుల్ని కొనాలన్నా ముందు మునిరామయ్య ఇంటికి వచ్చేవారు. ఆయన సంతకు వెళ్ళి, ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగి, ఒంటి మీద చెయ్యి వేసి చూసి, ‘తోలుకోండి’ అంటేనే బేరం మొదలయ్యేది. పళ్ళూ గిట్టలూ అందరూ చూస్తారు. మునిరామయ్య సుళ్ళు చూస్తాడు. ఒంటి మీద వెంట్రుకలు ఎక్కడ గుండ్రంగా తిరిగి ఉన్నాయి, ఆ సుడి ఇంటికి మేలా, కీడా అన్నది ఆయన చెప్తే ఇక తిరుగులేదు.

అందుకే, తిరుపతిలో పశువైద్యం చదువుతున్న కూతురు పంకజాక్షి దసరా సెలవులకు వచ్చి, తాను ఎన్.సి.సి.లో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నానని, డిసెంబరులో పోటీ ఉందని చెప్పినప్పుడు ఆయన వెంటనే వద్దనలేదు. ఆయన భార్య భారతమ్మే పులుసులో గరిటె తిప్పడం మాని కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది.

“ఆ గుర్రాన్ని నేను సూడాల,” అన్నాడు మునిరామయ్య. “సూసినాక చెప్తా. ఇంకొక మాట. పోటీలో కిందపడినావంటే మళ్ళా గుర్రం పేరు ఎత్తేది లేదు.”

“సరే నాయనా,” అంది పంకజాక్షి, ఆయన మాట మార్చేలోగా.

సెలవులు అయిపోయి కూతురు బయల్దేరిన బస్సులోనే తల్లీ తండ్రీ కూడా ఎక్కారు. “నువ్వెందుకుమే?” అని మునిరామయ్య అడిగితే, “నువ్వు గుర్రాన్ని సూస్తావు. పిల్లను సూసేదానికి ఒకరు వద్దా?” అంది భారతమ్మ.

కాలేజీలో గుర్రాల లాయం దగ్గర కృష్ణమూర్తి సార్ వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఆ కాలేజీలో పాఠాలు చెప్తూ, స్వారీ నేర్చుకునే పిల్లల బాధ్యత కూడా చూస్తారు. చిత్తూరు మనిషి. పోటీ అంటే ఏమిటో వాళ్ళకు ఓపికగా చెప్పారు. ఒకే గుర్రంతో మూడు రోజులు. మొదటిరోజు మైదానంలో, చెప్పినట్టు చెప్పిన చోట నడిపించాలి. రెండోరోజు అలిపిరి వైపు కంపచెట్ల బీళ్ళలో మొద్దులూ మట్టిగోడలూ వంకలూ దాటుతూ పరుగు. మూడోరోజు మళ్ళీ మైదానంలో కర్రల మీదుగా దూకించాలి. రెండోరోజు అలిసిపోయిన గుర్రం మూడోరోజు కూడా మనసుపెట్టి దూకాలి.

“అంటే, ఒక్క బలముంటే సాలదు,” అన్నాడు మునిరామయ్య.

“అదే నేను చెప్పేది. అమ్మాయి స్వారీ మొదలుపెట్టి ఏడాది దాటింది, అంతే. బాగా కూర్చుంటుంది, భయం లేదు. కానీ ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉంది. అందుకని కస్తూరిని ఇద్దామనుకుంటున్నాను.”

కస్తూరి లాయంలో చివర నిలబడి ఉంది. నల్లటి ముసలి ఆడగుర్రం. కళ్ళ పైన గుంటలు పడ్డాయి. నడుము కొంచెం కిందికి జారింది. ఎవరు వచ్చారో తల తిప్పి చూసి, మళ్ళీ గడ్డి తినడంలో పడింది. దాని పక్కనే తూఫాన్. నాలుగేళ్ళ ఎర్రగుర్రం, కొత్తగా వచ్చింది. ఒళ్ళంతా నూనె రాసినట్టు మెరుస్తోంది. పిల్లలందరి కళ్ళూ దాని మీదే. పంకజాక్షి కళ్ళు కూడా.

మునిరామయ్య పైపంచె నడుముకు చుట్టుకుని పనిలో దిగాడు. తూఫాన్ మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు, నుదురు చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు. ఆయన ముఖం విప్పారింది. “దీనికి గొంతుకాడ దేవమణి ఉండాది. ఇట్లాంటి సుడి కోటికొకటి. ఇది ఉండే ఇల్లు దినదినం పెరగతాది.”

తర్వాత కస్తూరి దగ్గరికి వెళ్ళాడు. దాని ఎడమ కంటి కింద చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“సామీ, ఇది వద్దు.”

“ఏమైంది?”

“కన్నీటి సుడి. కంటి కింద సుడి తిరిగినదాన్ని కట్టేసుకున్న ఇంట్లో ఏడుపు తప్పదు. మా తాతకాడినుంచి ఇట్లాంటిదాన్ని మా గడప తొక్కనీలేదు. నా బిడ్డను దీని మీద ఎక్కించను.”

పంకజాక్షికి సుళ్ళ మీద నమ్మకం లేదు. అయినా ఆ నిమిషంలో తండ్రి శాస్త్రం ఆమెకు ఎంతో ముద్దొచ్చింది. “నాయన చెప్తే ఇంక అంతే సార్. క్లాసులో దీన్నందరూ కస్తూరవ్వ అంటారు. నాకు తూఫాన్‌నే ఇయ్యండి.”

కృష్ణమూర్తి సార్ వాదించలేదు. “సరే, జీను వెయ్యి. మీవాళ్ళు కూడా చూస్తారు,” అన్నారు.

పంకజాక్షి తూఫాన్‌నెక్కి మైదానంలోకి వెళ్ళింది. చూడటానికి బాగానే ఉంది. మునిరామయ్య మీసం సవరించుకున్నాడు కూడా. మోకాలెత్తు కర్ర ఒకటి అడ్డం పెట్టి ఉంది. దానివైపు తిప్పగానే హాస్టలు గోడ మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచింది. తూఫాన్ బెదిరింది. పంకజాక్షి కూడా బెదిరి కళ్ళెం బిగించింది. కళ్ళెం బిగిసేసరికి గుర్రానికి బెదురు ఇంకా ఎక్కువైంది. పక్కకు జరిగి, వెనక్కి నడిచి, ఉన్నట్టుండి కర్ర పక్కనుంచి దూసుకుపోయింది. పిల్ల మెడ కావలించుకుని వేలాడింది. గుర్రాలను చూసుకునే సైసు మునెయ్య పరుగెత్తి పట్టుకోకపోతే పడేదే.

“ఒకసారి బెదిరింది, అంతే. నేర్చుకుంటాది,” అన్నాడు మునిరామయ్య. గొంతులో మునుపటి ధీమా లేదు.

“ఎవురు నేర్పతారు?” అంది భారతమ్మ.

ఆయన తిరిగి చూశాడు.

“నేనొకటి అడగతా, చెప్పు. మనింట్లో కొత్త కోడెను మొదటిసారి కాడికి కట్టేటప్పుడు పక్కన దేన్ని కడతావు?”

“పాత ఎద్దును. ఎవురైనా అంతే గదా.”

“రెండు కోడెల్నీ కలిపి కడితే?”

“మడకా ఇరుగుతాది, మనిషి కాలూ ఇరుగుతాది.”

“మరి ఈడ రెండూ కోడెలే గదా,” అంది భారతమ్మ, మైదానంలో గుర్రం దిగి వణుకుతున్న కూతుర్నీ చెమటలు పోసిన గుర్రాన్నీ చూపిస్తూ. “అది బెదిరితే ఇది బెదిరె. ఇది బెదిరితే అది ఇంకా బెదిరె.”

మునిరామయ్య కస్తూరి కంటి కిందికి మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత, “నువ్వు చెప్పింది నిజమేలేమే. అయితే సుడి ఉండాదే,” అన్నాడు.

“సుడి కీడు ఎవురికి?”

“కట్టేసుకున్నోళ్ళకి. యజమానికి.”

“బాడుగకు తెచ్చుకున్న ఎద్దు సుడి బాడుగోళ్ళకు తగలదని మనూరి చిన్నబ్బకు చెప్పింది నువ్వే గదా. ఆ పొద్దు నేను మజ్జిగ పోస్తా విన్నా.”

“అవును. తగలదు.”

“ఈ గుర్రం యజమాని ఎవురు?”

మునిరామయ్య కృష్ణమూర్తి సార్ ముఖం చూశాడు.

“సర్కారండీ,” అన్నారు ఆయన.

“సర్కారు ఏడిస్తే ఏడ్చనీలే,” అంది భారతమ్మ.

కృష్ణమూర్తి సార్ అవసరం లేకపోయినా వంగి కస్తూరి గిట్టను పరీక్షించసాగారు. ఆయన భుజాలు కదలడం భారతమ్మ చూసింది. మునిరామయ్య మాత్రం నవ్వలేదు. శాస్త్రంలో ఉన్నమాటే అది. చివరికి, “సరే సామీ. ఆ నల్లదాన్నే ఇయ్యండి,” అన్నాడు. చెయ్యి మాత్రం దాని మీద వెయ్యలేదు.

పంకజాక్షి ఆ రోజు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. అందరూ మెరిసే గుర్రాల మీద వస్తుంటే తాను అవ్వ మీద ఊరేగాలా అని ఏడుపు. బస్టాండులో భారతమ్మ, “అవ్వ దగ్గర పెరిగిన పిల్లోళ్ళెవురూ చెడిపోలేదులే,” అని మాత్రం అని బస్సెక్కింది.

కార్తీకంలో నిమ్మకాయ ఊరగాయ తీసుకుని భారతమ్మ ఒక్కతే హాస్టలుకు వచ్చినప్పుడు పిల్ల ఎండకు నల్లబడి, సన్నబడి ఉంది. కోపం జాడ లేదు.

“అమా, అది నాకు నిండా నేర్పతా ఉండాది. నేను సరిగ్గా అడిగితే దూకతాది. తప్పుగా అడిగితే మంచిగా నడిచిపోయి కర్ర ముందర నిలబడిపోతాది. బెదరదు, కోపం చెయ్యదు. ‘ఇంకోసారి అడుగు’ అన్నట్టు చెవి వెనక్కి తిప్పతాది, అంతే. మొదట్లో మొండిది అనుకున్నా. ఇప్పుడు దాని చెవి సూసి నా తప్పు యాడుందో కనిపెడతా ఉండా.”

“కోపం చెయ్యదంటే మీ నాయన మాదిరి గాదు. మంచిదే,” అంది భారతమ్మ.

పోటీకి బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి పిల్లలు వచ్చారు. మొదటిరోజు పంకజాక్షి మధ్యలో ఎక్కడో ఉంది. రెండోరోజు పొద్దున్నే మునిరామయ్య, భారతమ్మ అలిపిరి దగ్గరి బీడుకు చేరుకుని, దారిలో ఉన్న వంక దగ్గర నిలబడ్డారు. అక్కడే కష్టం అని చెప్పారు ఎవరో. ఒక మొద్దు దూకి, దిగువకు జారి, నీళ్ళు దాటి, ఎదురుగా గట్టెక్కాలి. ముందు తూఫాన్ మీద తిరుమలయ్య అనే పెద్ద క్లాసు కుర్రవాడు వచ్చాడు. బలమైనవాడు, బాగా స్వారీ తెలిసినవాడు. తూఫాన్ నీళ్ళను చూసి ఆగిపోయింది. మూడుసార్లు తిప్పినా దిగలేదు. “దీనికింకా వయసు రాలేదబ్బా,” అని కుర్రవాడు దాని మెడ తట్టి పక్కకు తీసుకుపోయాడు.

భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంపచెట్ల వెనక గిట్టల చప్పుడు వినిపించింది. కస్తూరి తొందర లేకుండా వస్తోంది. మొద్దు దూకింది. దిగువకు దిగేటప్పుడు పంకజాక్షి కాలు జీనుకు వేలాడే రికాబులోంచి జారింది. పిల్ల ఒక పక్కకు ఒరిగిపోయింది. చేతిలో కళ్ళెం వదులైపోయింది. మునిరామయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

కస్తూరి పరుగు తగ్గించింది. పిల్ల ఏ పక్కకు ఒరిగిందో ఆ పక్కకే ఒక అడుగు వేసి తన వీపును ఆమె కిందికి తెచ్చుకుంది. మెడ పైకెత్తింది. ఆ మెడ ఆనుకుని పంకజాక్షి సర్దుకుని కూర్చునేదాకా నీళ్ళలో మెల్లగా నడిచింది. పిల్ల కాలు రికాబులో పెట్టి, కళ్ళెం సవరించుకుని, ఏదో చిన్నగా చెప్పింది. అప్పుడు కస్తూరి చెవి వెనక్కి తిప్పి విని, ఒక్క ఊపులో గట్టెక్కి కంపచెట్లలోకి వెళ్ళిపోయింది.

“చంకన బిడ్డ జారితే సర్దుకున్నట్టు సర్దుకున్నది గదమే,” అన్నాడు మునిరామయ్య.

వాళ్ళు చివరి గీత దగ్గరికి చేరేసరికి పంకజాక్షి దిగి, జీను పట్టీ వదులు చేసి, కస్తూరిని నడిపిస్తోంది. వచ్చినవాళ్ళలో చాలామంది చెట్టు కింద కూర్చుని సోడాలు తాగుతున్నారు. ఈమె ముఖం కూడా కడుక్కోలేదు. గుర్రానికి ఊపిరి కుదుటపడేదాకా నడిపించి, అప్పుడు కొంచెం కొంచెం నీళ్ళు పెట్టాలట. కృష్ణమూర్తి సార్ వచ్చి, గెలుపు లెక్కలో చాలామంది కంటే వెనకే ఉన్నా, మొదటిసారి వచ్చి వంక దాటినవాళ్ళు కొద్దిమందే అని చెప్పారు. రేపు కర్రల మీదుగా దూకించడం కూడా ఉందని గుర్తుచేశారు.

“సామీ, మీరు ఇచ్చిన గుర్రం నా బిడ్డను నాకు తెచ్చి ఇచ్చె,” అన్నాడు మునిరామయ్య చేతులు జోడించి.

“నేను ఇవ్వబోతే మీరు వద్దన్నారు. ఇప్పించింది ఆమె,” అన్నారు సార్ భారతమ్మ వైపు చూస్తూ.

మునిరామయ్య కూతురి చేతిలోంచి కళ్ళెం తీసుకున్నాడు. “నువ్వు పోయి రెండు గుక్కలు నీళ్ళు తాగుపో. నేను నడిపిస్తా.” దారి పక్కన గుర్రాలకు వేసిన వరిగడ్డి పిడికెడు తీసి చుట్టగా చుట్టి, దున్నివచ్చిన ఎద్దులకు చేసినట్టే కస్తూరి కాళ్ళు పైనుంచి కిందికి రుద్దసాగాడు. భారతమ్మ బక్కెట్టు పట్టుకుని పక్కన నిలబడింది.

“వచ్చే ఏడు గూడా దీన్నే ఇస్తారా పాపా?” అని అడిగాడు, తలెత్తకుండా.

“లేదు నాయనా. కొత్తగా వచ్చే పిల్లలకు ఇస్తారు. వాళ్ళకు గదా ఇది కావాల్సింది. నాకు ఇంకో గుర్రం ఇస్తారు, రవ్వంత దుడుకుది.”

మునిరామయ్య రుద్దడం ఆపి, కస్తూరి మెడ మీద చెయ్యి వేశాడు.

“అట్లయితే దాన్ని గూడా ఒకసారి సూడాల,” అన్నాడు. “ఈసారి నేను ఊరికే ఎనక నిలబడతా. మీ అమ్మ సూస్తాది.”