సుద్దగీత

హోసియా పెట్‌వే రికార్డును అంచులతో పట్టుకుని ఎత్తాడు. ఉఫ్‌మని ఊది, తిరిగే పళ్ళెం మీద పెట్టి ముల్లు దించాడు. ఎడమచేతి నాలుగు వేళ్ళు స్పీకరు చెక్కపెట్టె మీద ఆనించాడు. చెక్క వణికింది. ముల్లు పక్కలకు ఊగలేదు. అట్టపెట్టె మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, ఇంకో పెట్టె లాక్కున్నాడు.

షికాగో దక్షిణపు వీధుల్లో, మంగలి దుకాణం వెనక కాటేజ్ రికార్డ్స్ అంటే ఇంతే: మెట్ల పైన యజమానురాలు లియోనా బ్రిగ్స్, ఆమె టెలిఫోను, కింద నేలమాళిగలో హోసియా, అతని చెవులు. పదమూడేళ్ళలో నలభై రెండు జాజ్ రికార్డులు. రెండో రికార్డులో డ్రమ్ములవాడి దగ్గు పట్టుకున్నదీ, "ఉండనీండమ్మా, మనిషి దగ్గేగా" అన్నదీ అతనే. అతని గీత లేనిదే పెట్టె గడప దాటదు.

రెండేళ్ళుగా అతనికి ఏమీ వినబడడం లేదు. పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు. అరవై నాలుగేళ్ళ చెవిటివాడికి ఇంకెవరు పనిస్తారు?

ఇది వెండెల్ క్రూస్ శాక్సొఫోన్ రికార్డు. ఇది ఆడకపోతే కంపెనీ మూతే. పొద్దున్నే పెట్టెలు దుకాణాలకూ రేడియోకూ వెళ్ళిపోయాయి. మిగిలినవి నాలుగు.

మధ్యాహ్నం వెండెల్ చేప శాండ్‌విచ్ నములుతూ మెట్లు దిగాడు.

"ఏం పెద్దాయనా, నా పాట వింటున్నావా, దానికి జ్వరం చూస్తున్నావా?"

హోసియా నవ్వాడు. రికార్డు దగ్గరికొచ్చిన వెండెల్ నమలడం ఆపేశాడు.

"ఇదేంటిది? నేనేనా? ఉడుత తోక తొక్కినట్టుంది!"

రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీలో టేపును వేగంగా తిప్పి అచ్చు తీశారు. పాటంతా కీచుగా పరుగెత్తుతోంది. చెక్క మాత్రం ఎప్పటిలాగే వణుకుతోంది.

లియోనా మెట్ల మీద నుంచి అరిచింది. "రెండు రోజులుగా వింటున్నావు కదయ్యా! హోసియా! నిన్నే!"

హోసియా వెండెల్ ముఖమే చూస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

వెండెల్ చేతిలో శాండ్‌విచ్ కిందికి దిగింది. లియోనా నిదానంగా దిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళమ్మా."

"చెప్పుంటే రికార్డులు నేను వినేదాన్ని కదయ్యా. నువ్వు గీత గీసేవాడివి."

పైన టెలిఫోను మోగింది. ఇద్దరూ తలెత్తారు. వాళ్ళను చూసి హోసియా కూడా తలెత్తాడు. మోగి మోగి ఆగి, మళ్ళీ మొదలైంది. లియోనా కదల్లేదు.

హోసియా ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాడు. టోపీ పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాడు. లియోనా అతన్ని పేరు పెట్టి పిలిచింది. పిలిచాక గుర్తొచ్చింది ఆమెకు.

పాట అయిపోయింది. ముల్లు ఆఖరి గాడిలో పడి టక్కు టక్కుమని తిరుగుతూనే ఉంది. పక్కన, గీత పడని పెట్టె మీద, గోరంత మిగిలిన సుద్దముక్క.