లైబ్రరీకి యూనిఫాం

రోజూ పొద్దున్నే ఆ వీధిలో ఒక ముచ్చటైన దృశ్యం కనిపించేది. టైలరమ్మ కూతురు నీలం స్కర్టు, తెల్ల చొక్కా, మెడలో టై, వీపున సంచితో గుమ్మం దిగేది. ఎదురింటి రిటైర్డు మేనేజరు గారు పేపరు పక్కన పెట్టి, "బాగా చదువుతున్నావా పిచ్చుకా?" అని పలకరించేవారు. చిన్నప్పుడు గలగలా వాగేది కనుక ఆ పిల్లకు ఆ పేరు స్థిరపడింది. పిచ్చుక తల ఊపి, వీధి చివర కుడివైపున్న బడికి కాకుండా ఎడమకు తిరిగి లైబ్రరీకి పోయేది. కాసేపటికి తల్లి కుట్టుసంచీ చంకన పెట్టుకుని వెనక సందులోంచి అక్కడికే చేరేది. కన్నబిడ్డకు చదువు చెప్పుకోవడానికి ఒక తల్లి ఇలా దొంగచాటుగా తిరగవలసి వచ్చిందంటే, అందుకు కారణమేమిటో చదువరులు ఆలోచించాలి.

పిచ్చుక బడి మానేసి ఏడాది కావస్తోంది. కిక్కిరిసిన ఆ తరగతిలో ప్రశ్న అడిగిన పిల్లను నిలబెట్టేవారు. కొన్నాళ్లకు పిచ్చుక ప్రశ్నలు మానేసింది, తర్వాత మాటలే మానేసింది. పొద్దున లేస్తే కడుపునొప్పి. కడుపులో ఏ జబ్బూ లేదని డాక్టరు తేల్చాక గానీ కన్నవాళ్లకు సంగతి అర్థం కాలేదు. బస్సు నడిపే తండ్రి, "పిల్ల మళ్లీ నోరు విప్పితే అదే పదివేలు. మనమే చెబుదాం" అన్నాడు.

పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయి. పైసా అడగకుండా పాఠాలు చూపించే కంప్యూటర్లూ అక్కడే ఉన్నాయి. తల్లి గుడ్డముక్కలు కత్తిరించి భిన్నాలు చెప్పింది. త్రిభుజాల దగ్గర ఆమే బిక్కమొహం వేస్తే, పిచ్చుక వీడియో పాఠం ఆపి ఆపి, "అది కాదమ్మా, మళ్లీ చూడు" అంటూ నేర్పింది. బడి ఎగ్గొట్టి వచ్చిందేమోనని మొదట అనుమానంగా చూసిన లైబ్రేరియన్ గారు, అసలు విషయం తెలిశాక కొత్త పుస్తకం రాగానే వాళ్లకోసం పక్కన పెట్టేవారు. కడుపునొప్పి ఎటు పోయిందో పోయింది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క యూనిఫాం తప్ప. ఆ సలహా తల్లి ఆడపడుచుది. "బడి మాన్పించారంటే పిల్లకు బుర్ర లేదంటారమ్మా! రేపు దానికి తలెత్తుకునే దారుంటుందా? యూనిఫాం వేసి పంపు, నలుగురి నోళ్లూ మూతపడతాయి" అందామె. తల్లికీ నలుగురంటే భయమే కనుక సరేనంది.

ఒకరోజు లైబ్రేరియన్ గారు, "ఆదివారం పాఠకుల సభ ఉంది. నీడ కొలిచి దీపస్తంభం ఎత్తు చెప్పావే, అది అందరికీ చూపించాలి" అన్నారు పిచ్చుకతో. తల్లి ఆనందానికి అంతులేదు. ఆ సాయంత్రమే పొట్టిదైపోయిన స్కర్టు మడత విప్పడానికి కూర్చుంది.

"అమ్మా, ఆదివారం ఏం వేసుకోను?"

"ఇదే. పొడుగు చేస్తున్నాగా."

"ఇది వేసుకుంటే ఆ బడే నేర్పిందనుకుంటారు. మామూలు గౌను వేసుకుంటే మన పరువు పోతుంది." పిచ్చుక స్కర్టును పక్కకు జరిపింది. "పోనీ, నాకు కడుపునొప్పని చెప్పేయవా?"

పిల్లను ఒక భయం నుంచి తప్పించి, తన చేత్తోనే ఇంకో భయం తొడిగానని తల్లికి అప్పుడు తెలిసింది. కత్తెర తీసుకుని స్కర్టును నిలువునా కోసింది. కోస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే కోసింది.

"అయ్యో, అత్త తిడుతుందమ్మా!"

"తిట్టనీ. మీ అత్త నోటికి కొలతలు తీయడం నావల్ల కాదు."

ఆదివారం పిచ్చుక పసుపుపచ్చ గౌనులో, భుజాన కొత్త నీలం పుస్తకాల సంచితో సభకు వచ్చింది. అందరినీ ఎండలోకి తీసుకెళ్లి, నిలబెట్టిన కర్ర నీడనూ స్తంభం నీడనూ కొలిచి, లెక్క కట్టి ఎత్తు చెప్పింది. లైబ్రేరియన్ గారు ముందే కనుక్కుని ఉంచిన కొలతతో అది సరిపోయింది. "శభాష్!" అన్నారు సభకు వచ్చిన ఎదురింటి మేనేజరు గారు. "ఇదెవరు నేర్పారమ్మా?"

పక్కనే నిలబడ్డ ఆడపడుచు గట్టిగా దగ్గింది. ఆ దగ్గు అర్థమైనా తల్లి ముందుకొచ్చింది.

"మేమేనండీ. ఏడాదిగా మా అమ్మాయి ఇంట్లోనూ ఈ లైబ్రరీలోనూ చదువుకుంటోంది. బడిలో హాయిగా ఉన్న పిల్లలు బడికే వెళ్లాలి. మా పిల్ల అక్కడ వాడిపోయింది, అందుకే మాన్పించాం. అది తప్పు కాదు. మీకు భయపడి రోజూ యూనిఫాం వేయించానే, అదే నేను చేసిన తప్పు."

మేనేజరు గారు నెమ్మదిగా అన్నారు. "పిచ్చుక రోజూ ఎడమవైపు తిరగడం నా అరుగు మీంచి కనిపిస్తూనే ఉందమ్మా. అడిగితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను. అడిగి ఉండాల్సింది."

ఆడపడుచు దగ్గు ఆగిపోయింది. ఇంటికి పోయే ముందు, పుస్తకాలు తీసుకెళ్లాలంటే ఏం చేయాలో లైబ్రేరియన్ గారిని అడిగింది కూడా.

మర్నాడు తల్లీకూతుళ్లు వీధి గుమ్మంలోంచే కలిసి బయల్దేరారు. "ఎక్కడికి పిచ్చుకా?" అన్నారు మేనేజరు గారు.

"చదువుకోవడానికి తాతగారూ!" వీధంతా వినిపించేలా అరిచింది పిచ్చుక.

పిల్ల భయం లేకుండా ప్రశ్న అడగగలిగిన ప్రతి చోటూ బడే. ఆ బడికి యూనిఫాం అక్కర్లేదు.