మృగశిర నాటి బయాను

పెత్తరమాస ఇంకా అయిదు రోజులుందనగా గుర్వమ్మ చిట్యాలలో బస్సెక్కి, మూడోసారి నల్లగొండ కచ్చేరికి వచ్చింది. ఆ రోజులోపు తన పెనిమిటి బతికున్నాడో లేడో ఆమె తేల్చుకోవాలి.

అత్త నర్సింగమ్మ ఈ ఏడు పట్టు పట్టింది. పెత్తరమాస నాడు పోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు మామ పేరుతోపాటు ఐలేశం పేరునా ఇవ్వాలంది.

"రెండేండ్లు దాటె పిల్లా. నా కొడుకు ఆకలితోటి యాడ తిరుగుతాండో. నీ మొండితనంతోటి వాని నోట్ల మన్ను కొట్టకు."

బతికున్నవాడి పేరున బియ్యం ఇస్తే పాపం. పోయినవాడికి ఇవ్వకపోతే అదీ పాపమే.

ఐలేశం కల్లుకు తాళ్లు గీసేవాడు. నిజాం సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో తిరిగేవాడు. పోలీస్ యాక్షన్‌కు ముందు ఎండకాలం, కృత్తిక కార్తెలో గుట్టల మీద కాల్పులు జరిగాయి. అందులో పోయాడన్నారు. శవాన్ని చూసినవాళ్లు మాత్రం లేరు. మొన్నటి వేసవిలో ఆలేరు వైపు గాలయ్య అనే ఆయన సంతలో ఒక మాట చెప్పాడు. ఆ కాల్పుల తర్వాత వచ్చిన మృగశిర కార్తెలో, సరిహద్దు అవతల బెజవాడ వైపు క్యాంపులో, పారిపోయి వచ్చినవాళ్లు చెప్పింది బయానులుగా రాసుకుంటుంటే, తన ముందు బురదలో నిలబడ్డ గీత పనివాణ్ని ఐలేశమని పిలిచారట. గాలయ్య చూసింది వీపును మాత్రమే.

ఆ బయాను కోసమే మొదటిసారి వచ్చింది. రికార్డు గది చూసుకునే మెహమూద్ సాబ్ ముసలాయన. తను కూర్చున్న స్టూలు ఆమెకిచ్చి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, తర్వాతే ఎందుకొచ్చావని అడిగాడు. గోడ పొడుగునా అరల్లో ఎర్రగుడ్డ కట్టిన బస్తాలున్నాయి.

"అప్పుడు హైదరాబాదు ఒక సర్కారు, ఢిల్లీ ఒక సర్కారు బిడ్డా. సరిహద్దుల లొల్లయితే అటోళ్లు హైదరాబాదుకు రాసేటోళ్లు. హైదరాబాదోళ్లు విచారించుమని గా ఉత్తరాన్ని మా జిల్లాకు తోలేటోళ్లు. గీ అర నిండ గవే."

"మా ఆయన పేరు ఐలేశం సాబ్."

"మనిషి పేరుతోటి ఈడ ఏదీ దొరకది. ఉత్తరం మాకు చేరిన తారీఖుతోటి దొరుకుతది. వచ్చినయి గీ దిక్కు, పోయినయి గా దిక్కు. బయాను ఏ ఉత్తరంతోటి వస్తే దాని కడుపులనే ఉంటది. తీసి వేరే పెడితే తల్లి లేని పిల్లయితది."

మృగశిరలో రాసిన కాగితం బెజవాడ, ఢిల్లీ, హైదరాబాదు తిరిగి, ప్రతి బల్ల మీద నాలుగు రోజులు పండుకొని, నల్లగొండకు ఎప్పుడు చేరుతుందో ఆయన వేళ్ల మీద లెక్క కట్టాడు. పోలీస్ యాక్షన్‌కు ముందటి మఖ కార్తె అని తేల్చాడు. రెండోసారి వచ్చేసరికి బయాను వెతికి నకలు రాయించి ఉంచాడు. చదివి వినిపించాడు. 'నా పేరు ఐలేశం. తాళ్లు గీస్తను. ఊరి పేరు, బాపు పేరు చెప్ప. చెప్తే ఇంటోళ్ల మీద పడుతరు.'

ఇప్పుడు ఆ నకలునే కొంగున కట్టుకొని మళ్లీ వచ్చింది. పక్క బల్ల గుమాస్తా యాదగిరి తలెత్తాడు.

"నకలిచ్చినం గదమ్మా, మళ్లేంది? కాయితాల మీద గింత ప్రేమ మా ఆఫీసరుకు గూడ లేదు."

"ఇందుల వేలిముద్ర లేదు సాబ్," అంది గుర్వమ్మ మెహమూద్‌తో.

"నకల్ల ముద్ర దిగది బిడ్డా. ముద్ర ఉండెనని మాటల్ల రాస్తం."

"ఐలేశాలు ఊరికిద్దరుంటరు. ముద్ర చూస్తేనే నాకు తెలుస్తది. పెండ్లయిన ఏడు గీత కత్తి జారి ఎడమచేతి బొటనవేలు తెగింది. పసుపు పెట్టి నేనే కట్టు కట్టిన. మానినంక అడ్డంగ గీత పడ్డది."

యాదగిరి నవ్వడం ఆపేశాడు. "అసలు కాయితం చూపొద్దు కాకా. మీద రహస్యమని రాసుంది."

"ఎవరికి రహస్యమోయ్? రాసిన ఢిల్లీ, అందుకున్న హైదరాబాదు ఇప్పుడు ఒక్కింటోళ్లయిన్రు."

మెహమూద్ బస్తా దించి, ఉత్తరం కింద నుంచి బయాను తీసి, కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. నల్లటి ముద్ర మధ్య అడ్డంగా ఒక తెల్లటి గీత. పసుపు కట్టు విప్పిన నాడు చూసిన గీతే అది. గుర్వమ్మ ముట్టుకోలేదు. చూస్తూ ఉండిపోయింది.

"కృత్తికల సచ్చిపోయినోడు మృగశిరల ముద్ర ఎట్ల ఏస్తడు సాబ్?"

"ఏయడు. కని గది రెండేండ్ల కిందటి మాట బిడ్డా. ఇయ్యాల్టి సంగతి నేను చెప్పలేను."

"తెలుసు. దీనితోటి వచ్చిన ఉత్తరంల ఏమున్నది?"

ఆయన పై ఉత్తరం చదివాడు. ఈ ఐలేశం ఏ ఊరివాడో, ఇంటివాళ్లెవరో విచారించి, బయానుతో సహా తిప్పి పంపమని హైదరాబాదు అడిగింది. 'పోయినవి' వైపు దానికి జవాబు లేదు.

"రాసేలోపల పోలీస్ యాక్షనాయె. అడిగిన సర్కారే లేకపాయె. అందుకే అసలు కాయితం ఈడ ఆగింది."

"నేను జవాబు చెప్తే రాసుకుంటరా?"

"లేని సర్కారుకా?" అన్నాడు యాదగిరి. అంటూనే సిరాబుడ్డి తెచ్చి మెహమూద్ ముందు పెట్టాడు.

మెహమూద్ తెల్లకాగితం తీసి ఆనాటి తారీఖు వేశాడు. "ఊరు?"

బయానులో ఐలేశం దాచిన ఊరి పేరును ఆమె గట్టిగా చెప్పింది.

"తండ్రి?"

"లింగయ్య. లేడు."

"భార్య?"

"నేనే. గుర్వమ్మ."

"ఐలేశం..." కలం ఆగింది. "ఏమని రాయాలె బిడ్డా?"

గుర్వమ్మ కొంగున కట్టిన నకలు ముడిని తడుముకుంది. యాదగిరి తన కాగితాల్లోకి తల దించుకున్నాడు.

"ఇంకా ఇంటికి రాలేదని రాయిండ్రి," అంది చివరికి. "మా అత్తకు గూడ గదే చెప్త. పెత్తరమాసకు మామ పేరుననే బియ్యమిస్తం."

మెహమూద్ ఉర్దూలో రాసి, తెలుగులో చదివి వినిపించాడు. ఆమె ఆ చివరి మాటను మరోసారి చదవమంది.