కుట్టు పక్కన కోత

ఆ కారు ఎక్కే బండి కాదు, తొడుక్కునే బండి అనేది మా ఆవిడ. ఇద్దరికే చోటు, సీటు దాదాపు నేల మీదే ఉంటుంది. పైకప్పు లేనప్పుడు ఫరవాలేదు, తలుపు మీదుగా కాలేసి జారి కూర్చోవచ్చు. కప్పు ఉంటే మాత్రం దానికో పద్ధతుంది. ముందు నడుము లోపలికి తోసి, తర్వాత తల వంచి, ఆఖరున కాళ్ళు ఒక్కొక్కటిగా మడిచి లాక్కోవాలి. దిగేటప్పుడు అంతా తిరగేయాలి. నా పొట్టకి ఆ రెండూ గిట్టవు.

మేమిద్దరం కార్లకి సీట్లూ పైకప్పులూ చేస్తాం. ఆవిడ కుడుతుంది, నేను బిగిస్తాను. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే. నాలుగు రోజుల్లో అయిపోవలసిన ఈ కప్పు కుట్టడానికి ఆవిడకి పదకొండు రోజులు పట్టింది. చూపు మసకబారుతోందని నాకు చెప్పలేదు. సూదిలో దారం ఎక్కించమని పూటకోసారి అడుగుతుంటే నాకే అర్థమైంది. ఆ రోజు ఉదయం చెల్లెల్ని తోడు తీసుకుని కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"కప్పు జాగ్రత్తండీ. ఇంక సూది పట్టుకోవద్దని డాక్టరంటే అదే నా ఆఖరిది."

"శుభం పలకవే అంటే ఇలాంటివే మాట్లాడతావు, వెళ్ళు!" అని కసిరాను. భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది. అదో రోగం.

మధ్యాహ్నానికి కప్పు ఎక్కించేశాను. ముడతలు పోయేలా వేడిగాలి గన్ పట్టి, బట్టని బిగువుగా లాగి, అది సాగి కుదురుకునేదాకా కదలకుండా ముందు పట్టీకి బయటినుంచి ఇనప బిగింపులు వేశాను. కుట్లు చీమల బారులా తిన్నగా ఉన్నాయి. కళ్ళు సరిగా కనపడని మనిషి ఎలా కుట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో బండి వస్తుందని, చోటు కోసం కారుని లోపలికి తోయాలనుకున్నాను. షెడ్డు చివర గోడకీ స్తంభానికీ మధ్య ఓ సందుంది. కప్పు ఊడదీసిన దగ్గర్నుంచీ, రెండు నెలలుగా, ఈ కారుని రోజూ ఆ సందులోనే పెడుతున్నాను. నేల అటు వాలుగా ఉంటుంది కాబట్టి బ్రేకు వదిలితే చాలు, తనే దొర్లుతుంది. తలుపులు తెరుచుకునే చోటుండదు. అయితేనేం, సీటు మీద నిలబడి వెనక నుంచి దూకేసేవాణ్ణి. ఆ రోజూ అలాగే పద్ధతి ప్రకారం కారు తొడుక్కుని, బ్రేకు వదిలి, సందులోకి దొర్లించి, ఠీవిగా లేచి నిలబడబోయాను. తల వెళ్ళి బట్టకి కొట్టుకుంది.

నవ్వొచ్చింది. నా చేత్తో బిగించిన బుట్టలో నేనే కోడిపెట్టనయ్యాను. కుడి తలుపు గోడకీ, ఎడమ తలుపు స్తంభానికీ తగిలి చెరో రెండు వేళ్ళ మందమే తెరుచుకున్నాయి. బిగింపులేమో బయట ఉన్నాయి. బ్యాటరీ తీసి వారమైంది, కాబట్టి హారనూ లేదు. సరే, ఆవిడ వచ్చేదాకా ఓ కునుకు తీద్దామనుకున్నాను.

అప్పుడు మాడు వాసన వచ్చింది.

అద్దంలోంచి వెనక్కి చూశాను. బల్ల మీద వేడిగాలి గన్ ఆపకుండా వదిలేశాను. దాని మూతి ముందు స్పాంజి ముక్కలు నల్లబడి పొగ వస్తోంది. పక్కనే మూత తీసిన జిగురు డబ్బా ఉంది. ఆ డబ్బాకి నిప్పు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు.

కేక వేశాను. పక్క షెడ్డులో రేకులు కోసే మోతలో నా గొంతు నాకే వినపడలేదు. తలుపుని భుజంతో గుద్దాను. ముందు అద్దం తన్నుదామంటే కాలు ఎత్తే చోటేదీ? అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడే. ఆగి మళ్ళీ మోగింది. స్పాంజి భగ్గుమంది.

జేబులో బట్ట కోసే కత్తి ఉంది. ఉందని మొదట్నుంచీ తెలుసు. తీశాను, వెనక్కి తిరిగి కప్పుకి ఆనించాను. మొన సరిగ్గా కుట్టు మీద ఉంది. చెయ్యి రాలేదు. పొగ గొంతులోకి దిగుతోంది, పై ప్రాణాలు పైనే పోతున్నాయి, అయినా ఆ కుట్టు మీద నా చెయ్యి రాలేదు. కత్తిని ఓ వేలెడు పక్కకి జరిపాను. కళ్ళు మూసుకుని లాగాను. రెండు మూరలు చిరిగింది.

ఎలా బయటపడ్డానో చెప్పలేను. చొక్కా సగం కారులోనే ఉండిపోయింది. ప్లగ్గు పీకి, జిగురు డబ్బా తీసి దూరంగా పెట్టి, మూలనున్న బకెట్టు ఇసుక బల్ల మీద కుమ్మరించాను. మంట చచ్చింది.

కాసేపటికి చెల్లెలు ఆవిణ్ణి గుమ్మం దగ్గర దింపి వెళ్ళింది.

"ఫోన్ ఎత్తరేంటండీ? ఈ కంపేంటి?"

అంతా చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ నెమ్మదిగా నడిచొచ్చి కారు వెనక నిలబడింది.

"ఎక్కడ కోశారు?"

కోత ఆవిడ ముక్కు ముందే ఉంది. షెడ్డు కప్పులోని గాజు పలక నుంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. మంటని చూసినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

ఆవిడ చెయ్యి పట్టుకుని కోత మీద పెట్టాను. అంచు వెంట వేళ్ళతో తడుముతూ వెళ్ళింది. పక్కనే కుట్టు తగిలేసరికి ఆగింది.

"ఇదేంటి, కుట్టు వదిలేసి బట్ట కోశారా? దారం తెంపితే సరిపోయేదిగా. మళ్ళీ కుట్టేవాళ్ళం. బట్ట పోయాక ఏం చేస్తాం?"

"మళ్ళీ కుట్టగలవో లేదోనని..." మాట పూర్తి చేయలేకపోయాను.

ఆవిడ కుట్టు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"డాక్టరూ అదే అన్నాడు లెండి" అంది.