ఒకే మత్తులో రెండు

ఎలీషబా అరుగు మీద కూచుని కందులు చెరుగుతుంటే ఫోను మోగింది. చేట ఒడిలో ఉంచుకునే ఎత్తింది. మనవరాలి మొగుడు వినయ్ కుమార్. మార్కాపురంలో మోటారుసైకిళ్ల షోరూములో పని అతనికి. ఎప్పుడు మాట్లాడినా తొందరే.

"అవ్వా, ఏంజెల్‌కు గుంటూరులో ఆపరేషన్. రొమ్ముకూ, పొట్టకూ, రెండూ ఒకేసారి చేసేస్తారు. తర్వాత అది బరువులెత్తకూడదంట. నువ్వొచ్చి పిల్లల్ని చూసుకోవాల, వంట చేసిపెట్టాల. బట్టలు సర్దిపెట్టుకో" అన్నాడు. వస్తావా అని అడగలేదు. కవలలు పుట్టినప్పుడూ అడగలేదు, వాళ్లకు అమ్మవారు పోసినప్పుడూ అడగలేదు. నీళ్లు కావాలంటే కుళాయి తిప్పుతారు గానీ కుళాయిని అడుగుతారా ఎవరైనా?

ఆ సంగతి ఆమెకు తర్వాత తట్టింది. ఆ క్షణాన రొమ్ముకు ఆపరేషన్ అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. చేట ఒరిగి కందులు అరుగంతా దొర్లాయి. కోళ్లు వచ్చి పొడుచుకు తింటుంటే అదిలించడానికి చెయ్యి లేవలేదు. ఆమె చెల్లెలు ఎస్తేరు పోయింది రొమ్ములో గడ్డతోనే. మొదట రేగ్గాయంత ఉండె, చివరికి పొట్టలోకి పాకింది. రొమ్మూ పొట్టా. ఇంకేం కావాలి, అదే. ఏంజెల్, తల్లి పోయాక తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన పిల్ల. దానికి కూడానా ప్రభువా, అనుకుంది.

తేరుకుని ఏంజెల్‌కు ఫోను చేసింది గానీ, రోగి ముందర రోగం పేరెత్తకూడదని వాళ్లలో ఒక పట్టింపు. ఎస్తేరుకు చివరిదాకా గ్యాసునొప్పి అనే చెప్పుకొచ్చారు. అందుకని, "తిన్నావా తల్లీ?" అని మాత్రం అడిగింది.

"తిన్నా. ఏందవ్వా, గొంతు అట్లుంది?"

"జలుబు" అని పెట్టేసింది.

ఆదివారం మందిరంలో ప్రార్థన విన్నపాలు చెప్పుకునే వేళ, వాన లేదని ఒకరు, గేదె ఈనలేదని ఒకరు లేచి చెప్పుకున్నాక ఎలీషబా లేచింది. "నా మనవరాలికి రొమ్ములో, పొట్టలో..." అంది. ఆపైన మాట రాలేదు. రావలసిన అవసరమూ లేకపోయింది. పాస్టరయ్యగారి భార్య కళ్లు తుడుచుకుంది. శుక్రవారం స్త్రీల సమాజమంతా ఎలీషబా ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టుకుందామని అక్కడికక్కడే అనుకున్నారు. పక్కింటి చెంచమ్మ మేకలు కాచుకునే మనిషి, మందిరం గడప తొక్కింది లేదు. అయినా గోడ మీదుగా తొంగిచూసి, "మీ దేవునికి ఒక మనిషి తక్కువయితే ఎట్లక్కా, నేనూ ఆ పూట మానేస్తాలే" అంది.

శుక్రవారం పొద్దెక్కేసరికి ఇంటిముందు చాపలు నిండిపోయాయి. ముసుగులు కప్పుకుని ఆడవాళ్లు ఏడుస్తూ మొరపెడుతున్నారు. "నీ కుమార్తెను ఆ మాయరోగం నుంచి విడిపించు తండ్రీ" అని అయ్యగారి భార్య చేతులెత్తిన సమయాన, కొనకనమిట్లలో ఆటో ఎక్కి వచ్చిన ఏంజెల్, చేతిలో సంచితో వాకిట్లో నిలబడింది. అవ్వను వెంటబెట్టుకుపోదామని వచ్చిందామె.

"ఎవురికవ్వా? ఎవురికేమయింది?"

ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఎలీషబా లేచి పోయి ఆ పిల్లని కావిలించుకుని బావురుమంది. "నీకేమీ కాదు తల్లీ! నా ఆయుస్సు పోసుకో!"

"నాకా? నాకేం రోగం లేదు గదవ్వా."

"మరి రొమ్ముకు ఆపరేషన్..."

ఏంజెల్ ముఖం కందిపోయింది. ఇంతమందిలో ఎట్లా చెప్పాలో తెలియక తల వంచుకుని చెప్పింది. "గడ్డ కాదవ్వా. జారినాయని పైకి లేపి కుడతారు. పొట్ట మీద వేలాడే చర్మం కోసేసి బిగిస్తారు. ఒకే మత్తులో రెండూ."

అయ్యగారి భార్య ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. రోగం లేని ఒంటి మీద కత్తి! ఎలీషబా తన పైట కొంగు తనకే తెలియకుండా గుండెల మీదికి లాక్కుంది. ఎవరో తన ఒంటినే కొలుస్తున్నట్టనిపించింది ఆమెకు.

"రోగం లేదా?" అంది చెంచమ్మ. "అయితే నా పొద్దుటి సంగటి నాకెవురు తెచ్చిస్తారు?" అని విసురుగా లేచిపోయి టీ పెట్టుకోవడానికి తన ఇంట్లో దూరింది. ఎవరో నవ్వారు. ఏంజెల్ ఏడ్చింది.

ఎలీషబా ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. "చూపించు" అంది. పసిపిల్లప్పుడు నీళ్లు పోసిన ఒళ్లే గదా. ఏంజెల్ చీరకుచ్చిళ్లు దించింది. కవలలు సాగదీసిన పొట్ట, కాన్పు కుట్ల మీదికి మడతపడి వేలాడుతోంది. ఆ మడత కింద చెమటకు ఒరిసి ఒరిసి పచ్చి పుండు.

"ఎండకాలమంతా ఇంతే. బళ్లో దినమంతా నిలబడి పాఠం చెప్తే నడుం ఇరిగిపోతుంది. లోపల కండ విడిపోయిందంట, కుడితే తగ్గుతుందన్నాడు డాక్టరు. దానికే పోయినా నేను."

"మరి రొమ్ములు?"

"అక్కడ మా ఆయన ఆ మాటెత్తినాడు. ఎట్లాగూ మత్తిస్తారు గదా సార్, సర్వీసుకిచ్చినప్పుడే టైర్లు కూడా మార్పించుకుంటే ఒక పనైపోతుంది అన్నాడు. నవ్వినాడు. చనుమొనలు యాడికి జరుపుతారో బొమ్మ గీసి చూపించినారు. నేనూ నవ్వినా అవ్వా. ఏడిస్తే బాగుండదని."

నేనూ నవ్వినా. ఆ మాట ఎలీషబాకు ఎక్కడో పాత చోట తగిలింది. మొగుడు యేసుబాబు బతికున్నప్పుడు, కోతల కాలంలో, గట్టు మీద అందరూ అన్నం తింటుంటే ఆమె బిడ్డకు పాలిస్తోంది. "వట్టి తోలుతిత్తులు, వాటిల్లో పాలెక్కడియి?" అన్నాడు ఆయన. కూలోళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ పూట నుంచి ఆయన పోయేదాకా చీకట్లోనే నీళ్లు పోసుకుంది, తన కళ్లకు కూడా కనపడకుండా. ఐదుగురిని పెంచిన రొమ్ములకు సిగ్గుపడటం నేర్చుకుంది. ఎన్నేళ్లు! ఆ నవ్వు తనతోనే మట్టికి పోతుందనుకుంది గానీ, మనవరాలి నోట్లో మళ్లీ మొలుస్తుందని అనుకోలేదు. కత్తి అన్నప్పుడు కలిగిన దడ కంటే ఇది పెద్ద దడ.

"నిన్ను అడిగినారా తల్లీ, నీకేం కావాలని?"

"లేదు."

"నేనడుగుతుండా. చెప్పు."

ఏంజెల్ తలెత్తి అవ్వ ముఖంలోకి చూసింది. జవాబు తెలియక కాదు, ఆ ప్రశ్న కొత్త. "పొట్ట బాగుచేయించుకుంటా. పుండు పోవాల, నడుం నిలబడాల. రొమ్ములు నాకేం అడ్డం రాలేదవ్వా. అవి ఇట్లే ఉండనీ" అంది.

అప్పుడే మోగింది ఫోను. వినయ్. ఏంజెల్ స్పీకరు నొక్కి, గోడకానుకుని, అదే మాట అతనికీ చెప్పింది. మాట తప్పలేదు.

"పిచ్చా ఏంది? రెండోసారి పోతామా మళ్లీ? అంతా మాట్లాడేసినాం గదా. అవ్వకియ్యి ఫోను."

ఎలీషబా తీసుకుంది. గట్టిగా కూడా అనలేదు. "నాయనా, అది పొట్టకు చేయించుకుంటే నేనొస్తా. పిల్లల్ని కడుగుతా, వండుతా, దాన్ని పసిబిడ్డలెక్క చూసుకుంటా. అది వద్దనింది కూడా చేయిస్తే మాత్రం, ఆ ఇంట్లో పొయ్యి నువ్వే ముట్టించుకో."

అవతల నుంచి ఏమీ వినపడలేదు. కుళాయి మాట్లాడితే ఎవరికైనా అంతే గదా.

బయట ఆడవాళ్లు ఇంకా చాపల మీదే ఉన్నారు. లేవాలో కూచోవాలో తెలియక అయ్యగారి భార్య అడిగింది. "ఇప్పుడు ఏమని ప్రార్థన చెయ్యాల ఎలీషబమ్మా?"

ఎలీషబా మనవరాలి వైపు చూసింది.

ఏంజెల్ చీర సర్దుకుని, తలమీద కొంగు కప్పుకుని, చాప మీద అందరి మధ్యా కూచుంది. "పొట్టకు ఆపరేషన్ అమ్మగారూ. పొట్టకు ఒక్కదానికే. బాగా జరగాలని చెయ్యండి" అంది.

గోడ అవతల చెంచమ్మ, పెదవుల దాకా ఎత్తిన టీ గ్లాసును గోడ మీద పెట్టేసి, నెత్తిన కొంగు వేసుకుంది.