పడవల కోసం మూసిన తూము

ఆ క్లబ్బుకు నిప్పు పెట్టాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో! అక్కడ పేకాడే మనిషన్నవాడు లేక రెండేళ్లయింది. అయినా మా చెరువు తూము మూసే ఉంది. ఎందుకట? పడవలు తేలాలట!

పరకాల దారిలో మా చెరువు గట్టు మీద హనుమకొండ దొర ఒకాయన యాభై ఏడులో ఆ క్లబ్బు కట్టాడు. పేకాట బల్లలు, రంగుల పడవలు, వచ్చీపోయే కార్లు. ఊరంతా ఎగబడింది. పొలాలు పడావు పెట్టి సోడా దుకాణాలు, హోటళ్లు తెరిచారు. నేనూ మిర్చీల బండి పెట్టాను. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి మా కొమురెల్లి. వాడికి ఖాకీ బట్టలు తొడిగి గేటు కాడ నిలబెట్టారు. నీళ్లు తగ్గితే పడవలు బురదలో కూరుకుపోతాయని తూము మూయించారు. సాగు చేసేవాళ్లే లేనప్పుడు అడిగేదెవరు?

తర్వాత పోలీసులు రెండుసార్లు వచ్చి పేకముక్కలతో సహా పెద్దమనుషులను పట్టుకుపోయారు. కార్లు రావడం మానేశాయి. దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొందరు బస్సెక్కి వరంగల్లు మిల్లులో పనికి పోయారు. ఉల్లిగడ్డలు తరిగిన చేతులతో నేను మా బావిని నమ్ముకుని మళ్లీ నాట్లేశాను. యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు బావి ఎండింది. ఇంకో రెండు తడులు అందకపోతే అది గడ్డే. ఏడాదంతా నా పిల్లలు తినాల్సింది ఆ ఎకరం పంటే.

క్లబ్బు గుమాస్తా శ్రీనివాస్ దగ్గరికి పోయాను.

"దొర చెప్పకుంట తూము లేపద్దు. సీజన్ల మళ్ల గెస్టులు వస్తరు," అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే.

"గెస్టులా? కుక్కలు గూడ వస్తలేవు గదయ్యా!"

ఇక కొమురెల్లి మీద పడ్డాను. చినిగిన ఖాకీలో గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సిగ్గున్నదా తమ్మీ? నీ తాత, నీ నాయిన లేపిన తూము గాదా అది? నా వరి ఎండుతాంటె చూసుకుంట నిలబడ్డవ్!"

వాడు తల ఎత్తలేదు. "పూలక్కా, నేను నీరటినేనా? ఎవలన్న నాకు మేర పోస్తాన్రా?"

కల్లంలో రాశి పోశాక, గింజ ఇల్లు చేరకముందే నీరటికి కుంచంతో వడ్లు కొలిచి పోయాలి. అదే మేర. మేర అందుకున్నవాడే తూము లేపాలి. క్లబ్బు వచ్చిన ఏడు, "జీతం వస్తాంది గదా, ఇంక మేరెందుకు?" అని అందరికన్నా ముందు అన్నది నేనే. ఊరు నా మాట పట్టుకుంది. దొరను తిట్టిన నోటితో నన్ను నేను తిట్టుకున్నాను.

ఇంటికి పోయి గుమ్మి అడుగు ఊడిస్తే కుంచెడు వడ్లు వచ్చాయి. తెచ్చి, శ్రీనివాస్ చూస్తుండగానే, "తువ్వాల పరువు," అన్నాను కొమురెల్లితో.

"మేర పంట కోసినంక గదక్కా?"

"ఈసారి ముందుగాలనే. పరువు!"

పరిచాడు. పోశాను. వాడు మూట కట్టుకుని, ఖాకీ చొక్కా విప్పి గేటుకు తగిలించి, నీళ్లలోకి దిగాడు.

"పడవలు బురదల కూరుకపోతయ్‌రా! దొరకు నేనేం చెప్పాలె?" గుమాస్తా అరిచాడు.

కొమురెల్లి మునిగాడు. ఏడేళ్లుగా తూములో బిగుసుకున్న బిరడా ఊరికే వస్తుందా? మూడోసారి మునిగాక గట్టు అవతల కాలువలోకి నీళ్లు దూకాయి.

నాలుగో రోజుకు నా మళ్లు నిండాయి. ఒడ్డున రంగుల పడవ ఒకటి బురదలో ఒరిగింది. దొర వచ్చి అడిగితే, మేర పోసి తూము లేపించింది పూలమ్మేనని చెప్పమన్నాను గుమాస్తాను.