ఈజీ మోడ్ గుర్రం

కౌబాయ్ వీడియో గేమ్ హార్డ్ మోడ్‌లో ఆడితేనే గుర్రపు స్వారీ వస్తుందని జునైద్ వాదన. ఈజీ మోడ్‌లో గుర్రం తనంతట తానే పోతుంటే ఈ తిప్పలెందుకని రాకీ వాదన. బొల్లారం కంపెనీ బస్సులో ఏడాదిగా ఇదే నడుస్తోంది.

ఆదివారం పటాన్‌చెరులో జునైద్ పెళ్లి ఊరేగింపు, బరాత్. గేములాడే అల్లుడని వెక్కిరించిన మామగారికి, గుర్రాన్ని తానే తోలుకొస్తానని అతను మాటిచ్చాడు.

మలుపులో టపాకాయలు పేలాయి. గేమ్‌లో చేసినట్టే గుర్రాన్ని ఊరడించడానికి జునైద్ దాని మెడ తట్టాడు. గుర్రం ఆగి పెళ్లి ఫోటోలు తీస్తున్న కెమెరా వైపు చూసింది. మళ్లీ తట్టాడు. అది తల ఇంకొంచెం ఎత్తింది.

"హార్డ్ మోడ్ గదనే, జెర గట్టిగ తట్టు," అన్నాడు పక్కన నడుస్తున్న రాకీ.

గుర్రం యజమాని జహూర్ చాచా ముందుకొచ్చాడు. "తట్టకు బేటా. తడితే ఫోటో దిగాలనుకుంటది. నేనే నేర్పిన."

"మరి నడవాల్నంటే ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు."

జునైద్ కళ్లెం వదిలేశాడు. గుర్రం తిన్నగా ఫంక్షన్ హాల్‌కు నడిచింది.

"మామకు చెప్పాల్నా, ఏ మోడ్‌ల వచ్చినవో?" అన్నాడు రాకీ.

"సప్పుడు జెయ్యకు."

గేటు దగ్గర మామగారు ఎదురొచ్చారు. "నువ్వే తోలుకొచ్చినవా బేటా?"

"హా మామా."

ఆయన మురిసిపోయి గుర్రం మెడ తట్టారు. గుర్రం గేటుకు అడ్డంగా నిలబడి కెమెరా వైపు తల ఎత్తింది. లోపలికి పోయే దారి లేక ఆడపెళ్లివారంతా దాని పక్కన చేరారు. ఖాజీగారు టోపీ సర్దుకున్నారు.